లారీ డ్రైవర్ రేక్యవిక్ వెళ్లాడు

(ఒక ఇంజనీరింగ్ కాలేజీ గేమింగ్ క్లబ్‌లో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది, అక్కడక్కడ మాత్రమే సరిచేశాం.)

నమస్కారం. వెనకాల వాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి తమ్ముడూ, మైకులోకి గాలి కొడుతోంది. ఆ, ఇప్పుడు సరిపోయింది.

ముందుగా ఒక దిద్దుబాటు. గేటు దగ్గర పోస్టర్‌లో నా పేరు కింద ‘ప్రో గేమర్’ అని వేశారు. చూసి నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. నేను ప్రో కాదు. నిజం చెప్పాలంటే ఓ మోస్తరు ఆటగాణ్ణి కూడా కాదు, ఎదురుగా ఎవడైనా తుపాకి ఎత్తితే ముందు పారిపోయే రకం. నేను ఆడేది ఈవ్ ఆన్‌లైన్ అనే ఆట. 2011 నుంచి ఆడుతున్నాను, అందులో నా పని ఒకచోట సరుకు ఎత్తుకుని ఇంకోచోట దింపడం. అంటే లారీ డ్రైవర్‌ని. అంతరిక్షంలో తోలుతాను కాబట్టి వినడానికి గొప్పగా ఉంటుంది గానీ పని మాత్రం అదే. నా ఓడ పేరు పుష్పకం. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని మనవాళ్లు చెప్పుకునే పుష్పకం. ఆ కథ మా జట్టు వాళ్లకి చెప్పడం నేను చేసిన పెద్ద తప్పు, అప్పట్నుంచి ‘ఇంకొక్క పెట్టె పట్టదా’ అని ప్రాణం తీస్తున్నారు. (నవ్వులు)

2022లో నేను ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్ వెళ్లి ఈ ఆట వాళ్ల ఫ్యాన్‌ఫెస్ట్ చూసొచ్చిన సంగతి చెప్పమని మీరు పిలిచారు. చెప్తాను. కానీ ఆట ఏంటో రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాదంతా గాల్లో మాటలవుతాయి.

మీరు ఆడేది బీజీఎంఐ కదా ఎక్కువమంది? వంద మంది విమానంలోంచి దూకుతారు, కొట్టుకుంటారు, అరగంటలో అయిపోతుంది, పొద్దున్న ఎవరిని చంపారో సాయంత్రానికి గుర్తుండదు. ఈవ్‌లో అలా కుదరదు. 2003 మే 6న మొదలైంది, అప్పట్నుంచి అదే లోకం నడుస్తూనే ఉంది. చైనాకి విడిగా ఒక సర్వర్ ఉంది, మిగతా ప్రపంచమంతా ఒకే సర్వర్‌లో ఉంటుంది, దాని పేరు ట్రాంక్విలిటీ, లండన్‌లో ఉంటుంది. ఏడు వేల పైచిలుకు నక్షత్ర మండలాలు. మీ ఓడ పేలితే పేలిందే, రీస్పాన్ అయి మళ్లీ చేతికి రాదు, డబ్బు పెట్టి కొత్తది కొనుక్కోవాలి, ఆ కొత్త ఓడని కూడా ఎవరో ఒక ఆటగాడే ఖనిజం తవ్వి కర్మాగారంలో తయారుచేసి ఉంటాడు, దాన్ని నాలాంటివాడు మోసుకొచ్చి ఉంటాడు. అందరూ కొనేదీ అమ్మేదీ జీటా అనే ఊళ్లో, సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డు ఎలా ఉంటుందో అలా ఉంటుంది, దళారులూ మోసగాళ్లూ కూడా అచ్చం అలాగే.

మోసం అన్నాను కదా. ఈ ఆటలో మోసం తప్పు కాదు. అకౌంట్లు హ్యాక్ చేయడం, ఆట డబ్బుని బయట దొంగచాటుగా అమ్ముకోవడం, ఇవి చేస్తే కంపెనీ వాళ్లు గెంటేస్తారు. కానీ ఆట లోపల ఒకణ్ణి నమ్మించి వాడి బీరువా ఖాళీ చేస్తే, అది ఆటే. 2005లో ఒక ముఠా ఏడాది పాటు ఒక కార్పొరేషన్‌లో (ఆటగాళ్లు పెట్టుకునే జట్టు, మేం కార్ప్ అంటాం) ఉద్యోగులుగా చేరి, నమ్మకంగా పనిచేసి, పైకి ఎదిగి, ఒక్కరోజులో దాన్ని నాయకురాలితో సహా దోచేసింది. అప్పటి లెక్కన దాదాపు 16,500 డాలర్ల సొత్తు అని పత్రికలు రాశాయి. 2009లో ఆ లోకంలోకెల్లా బలమైన కూటమిని ఒకే ఒక్క డైరెక్టర్ లోపలి నుంచి రద్దు చేసి శత్రువులకి అప్పగించేశాడు. యుద్ధం లేదు ఏమీ లేదు, మెనూలో ఒక బటన్ నొక్కాడంతే.

మాకూ జరిగింది. 2013లో. మాది చిన్న కార్ప్, పాతిక ముప్ఫై మందిమి. అందులో బెల్జియం ఆయన ఒకడు డైరెక్టర్. నేను కొత్తగా చేరినప్పుడు నాకు ఓడ తోలడం నేర్పింది ఆయనే, ఓపిగ్గా, రాత్రుళ్లు రెండేసి గంటలు హెడ్‌ఫోన్‌లో కూర్చుని. ఏ దారిలో వెళ్లాలి, ఏ గేటు దగ్గర కాపు కాస్తారు, ఉయెదామా అనే ఊరు దాటేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలి, అన్నీ. (ఉయెదామా దగ్గర గూండాలుంటారు, పోలీసులు వచ్చేలోపు మన లారీని పేల్చేసి సరుకు ఏరుకుంటారు. పోలీసులు తర్వాత వచ్చి వాళ్లని కొడతారు, నిజమే, కానీ మన లారీ పోయింది కదా. నాకు రెండుసార్లు అయింది.) ఆయన్ని నేను ‘మామా’ అని పిలిచేవాణ్ణి. అదేంటని అడిగితే, మా ఊళ్లో పెద్దవాళ్లనీ అంటారు, బాగా దగ్గరైన స్నేహితుణ్ణీ అంటారని చెప్పాను. ఇంకేముంది, పోలండ్ వాడు, కెనడా ఆవిడ, అందరూ మామ అనడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం పొద్దున్నే లాగిన్ అయితే కార్ప్ హ్యాంగర్, అంటే మా అందరి గోదాం, ఖాళీ. ఖజానా ఖాళీ. 4,000 కోట్ల ఇస్క్. ఇస్క్ అంటే ఆ ఆటలో డబ్బు. బయటి లెక్కలో వెయ్యి డాలర్ల పైనే. మామ లేడు, మామ శత్రువుల కూటమిలో ఉన్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చాం అని మన వాళ్లంటారే, మేం తాళాలిచ్చి, హ్యాంగర్ ఎక్కడుందో కూడా మేమే చూపించాం. డబ్బు సంగతి పక్కన పెట్టండి, నాకు వారం రోజులు అన్నం సహించలేదు. మా అమ్మ ఏమైందిరా అంటే చెప్పడానికి నోరు రాలేదు. ఏమని చెప్పను, ‘అంతరిక్షంలో మామ మోసం చేశాడమ్మా’ అని చెప్పనా? (నవ్వులు)

సరే, ఈ సంగతి ఇక్కడ ఆపుతాను, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

ఇంకొకటి చెప్పాలి, గడియారం. ఈ ఆటకి ఒకటే టైమ్, యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. ప్రపంచంలో ఎక్కడున్నా ఆటలో కనిపించేది అదే. యూరప్ వాళ్లు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, తినేసి, రాత్రి ఏడింటికి యుద్ధం పెట్టుకుంటారు. ఆటలో ఏడంటే మనకి అర్ధరాత్రి పన్నెండున్నర. రోజూ 11 గంటలకి సర్వర్ కాసేపు మూస్తారు, డౌన్‌టైమ్ అంటారు, అది మనకి సాయంత్రం నాలుగున్నర. పదకొండేళ్లు నా ఫోన్‌లో రెండు గడియారాలు పెట్టుకుని బతికాను. మా ఇంట్లో నన్ను ‘నైట్ వాచ్‌మన్’ అనేవారు. బీ-ఆర్ అనే చోట 2014 జనవరి 27న పెద్ద యుద్ధం జరిగింది, మీలో కొందరు విని ఉంటారు. ఎలా మొదలైందో తెలుసా? ఒక కూటమి ఆ ఊరి మీద కట్టాల్సిన పన్ను కట్టడం మర్చిపోయింది. అంతే, అవతలివాళ్లు దూరారు. 21 గంటలు. ఏడున్నర వేల మంది పాల్గొన్నారు, 75 టైటాన్లు, అంటే ఆటలోకెల్లా పెద్ద ఓడలు, పోయాయి, ఒక్కో టైటాన్ తయారుకావడానికి నెలలు పడుతుంది, మొత్తం నష్టం 3 లక్షల డాలర్లని కంపెనీయే లెక్క కట్టింది. మనకి సోమవారం సాయంత్రం మొదలై మంగళవారం దాకా సాగింది. మంగళవారం ఆఫీసులో నా కళ్లు చూసి మా మేనేజర్ ‘ఇంట్లో ఎవరికైనా బాగాలేదా’ అని అడిగాడు.

మీలో సిస్టమ్స్ చదివేవాళ్లకి ఒక ముక్క. అంతమంది ఒకేచోట చేరితే సర్వర్ పడిపోవాలి కదా. వీళ్లు ఏం చేశారంటే, లోడ్ పెరిగితే కాలాన్నే నెమ్మది చేస్తారు. టైమ్ డైలేషన్, మేం టైడై అంటాం. పదో వంతు దాకా తగ్గిస్తారు, అంటే ఆటలో ఒక సెకను గడవడానికి బయట పది సెకన్లు. ఎవరి రిక్వెస్టూ పోదు, అందరికీ సమానంగా నత్తనడక. నేను బ్యాకెండ్‌లో పనిచేస్తాను, ఆలోచన భలే నచ్చుతుంది నాకు. ఆడేటప్పుడు మాత్రం నరకం.

ఇప్పుడు ప్రయాణం. ఈ ఆట చేసింది సీసీపీ అనే ఐస్‌లాండ్ కంపెనీ, 1997లో పెట్టారు. ఆటకి డబ్బు కావాలంటే ముందు ఒక బోర్డ్ గేమ్ తయారుచేసి వాళ్ల దేశంలో అమ్ముకున్నారు. ఐస్‌లాండ్ అంటే మొత్తం దేశం జనాభా నేను వెళ్లేనాటికి మూడు లక్షల డెబ్బై వేలు, ఇంచుమించు మన రాజమండ్రి. రాజమండ్రి వాళ్లు అంతరిక్షం ఆట తయారుచేసి ప్రపంచమంతటినీ తమ ఊరికి పిలిపించుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదీ ఫ్యాన్‌ఫెస్ట్. 2004 నుంచి జరుగుతోంది. నేను 2020లోనే వెళ్దామనుకున్నాను, కరోనాతో అది రద్దయింది. 2022 మే 6, 7 తేదీల్లో మళ్లీ పెట్టారు.

అమ్మకి చెప్పాను. ‘అంత దూరం పోయి ఆడతావా?’ అంది. లేదమ్మా అక్కడ ఆడం, మనుషుల్ని కలుస్తాం అన్నాను. ‘ఆడనప్పుడు ఎందుకురా పోవడం?’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు అప్పుడు.

వీసా కష్టాలు మీకు చెప్పక్కర్లేదు, ఆ ఏడాది అందరికీ అదే గోల, అపాయింట్‌మెంట్లు దొరకవు. నాకు దొరికిన రోజు కౌంటర్‌లో ఆవిడ ‘పర్పస్ ఆఫ్ విజిట్’ దగ్గర ఆగి, ‘సర్, వీడియో గేమ్ ఫంక్షన్‌కా?’ అని అడిగింది, ఆ ‘కా’లో జాలి ఉంది. పాస్‌పోర్టు విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు చేతికొచ్చింది. హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి కోపెన్‌హాగన్, అక్కణ్ణుంచి ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్ ఎయిర్‌పోర్టు. అన్నీ కలిపి మూడు లక్షలు దాటింది. డబ్బుల్లేకుండా వెళ్లలేం, ఆ విషయం దాచి మీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. అందుకే అక్కడికి వచ్చేవాళ్లు చాలావరకు ఉద్యోగాల్లో కుదురుకున్న మగవాళ్లే, ముప్ఫైలు నలభైల్లో ఉన్నవాళ్లే. భారతీయులు నాకు కనిపించింది ఇద్దరు.

కెఫ్లావిక్‌లో దిగాను. చలి గాలి మొహం మీద కొట్టింది, ఇక్కడ నలభై డిగ్రీల్లోంచి వెళ్లాను కదా. అక్కడ ఫోన్ దానంతటదే టైమ్ మార్చుకుంది. చూస్తే రెండు గడియారాలూ ఒకటే చూపిస్తున్నాయి. ఐస్‌లాండ్ ఏడాది పొడవునా యూటీసీలోనే ఉంటుంది. ఆట గడియారం వాళ్ల ఊరి గడియారం. పదకొండేళ్లుగా నేను ఎవరి టైమ్‌కి నిద్ర లేచానో ఆ ఊళ్లో నిలబడ్డాను. అక్కడే నిలబడి రెండు గడియారాల్లో ఒకటి తీసేశాను.

ఆకలేసి ఎయిర్‌పోర్టులో కాఫీ కోసం వెళ్తే, బోర్డు మీద ‘700 ఇస్క్’. ఐస్‌లాండ్ డబ్బు క్రోనా, దాని కోడ్ ఐ.ఎస్.కె. ఆట డబ్బుకి పొట్టి పేరు కూడా అదే మూడక్షరాలు. ఆ కౌంటర్ ముందు నేనొక్కణ్ణే పిచ్చివాడిలా నవ్వుకున్నాను. ఆటలో నేను కొన్ని వందల కోట్ల ఇస్క్ ఉన్న ఆసామిని, ఇక్కడ 700కి వెనకాముందాడుతున్నాను. మన లెక్కలో నాలుగొందల రూపాయలు. తాగలేదు. బ్యాగులో మరమరాలున్నాయి.

ఫెస్ట్ చాలా ఏళ్లు హార్పా అనే భవనంలో జరిగింది, అదీ చూశాను, సముద్రం ఒడ్డునే ఉంది. మొత్తం గాజు, తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది, ఎండ పడితే ఒక్కో గాజు ఒక్కో రంగు. ఓలాఫుర్ ఎలియాసన్ అనే కళాకారుడు ఆ గాజు గోడ రూపకల్పనలో ఉన్నాడు. 2008లో వాళ్ల బ్యాంకులు కూలినప్పుడు ఇది సగంలో ఆగిపోయింది. మొండిగోడల్ని అలా వదల్లేక ప్రభుత్వం పూనుకుని 2011లో పూర్తిచేసింది. మన ఊళ్లలో సగంలో ఆగిన ఫ్లైఓవర్లు గుర్తొచ్చాయి, సరే వదిలేయండి.

ఫెస్ట్‌లో స్టేజి మీద జరిగినదాని గురించి ఎక్కువ చెప్పను. అవన్నీ ఇంట్లో కూర్చుని లైవ్‌లో చూడొచ్చు, కొత్త ఓడలు, కొత్త ట్రైలర్, పొగ, లైట్లు. నాకు సగం నిద్రొచ్చింది. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈవ్‌ని బయటివాళ్లు ‘అంతరిక్షంలో స్ప్రెడ్‌షీట్లు’ అని వెక్కిరిస్తారు, ఎందుకంటే ధరలూ లాభనష్టాలూ లెక్కేసుకోకుండా ఇందులో ఏమీ నడవదు. ఆ రోజు స్టేజి మీద ఒక ప్రకటన చేశారు, మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఆట సమాచారం నేరుగా ఎక్సెల్‌లోకి వచ్చేలా చేస్తున్నామని. హాలు దద్దరిల్లింది! కొత్త ఓడలకి రాని చప్పట్లు ఎక్సెల్‌కి వచ్చాయి. ఈలలు వేశారు. నేనూ వేశాను. తర్వాత ఆలోచిస్తే, రోజంతా ఆఫీసులో ఎక్సెల్ తిట్టుకునేవాళ్లం, మూడు లక్షలు పెట్టుకుని వచ్చి ఎక్సెల్‌కి ఈల వేశాం. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

నాకు నచ్చింది రౌండ్‌టేబుళ్లు. చిన్న గది, ఇరవై ముప్ఫై కుర్చీలు, ఆ విభాగం డెవలపర్లు ఇద్దరు ముగ్గురు, మిగతా అంతా ఆటగాళ్లు. మన దగ్గర ఆడియో ఫంక్షన్లు చూశారు కదా, హీరో పైన, ఫ్యాన్స్ కింద బారికేడ్ అవతల, మధ్యలో బౌన్సర్లు. ఇక్కడ ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, డెవలపర్ మొహం మీద పెన్ను ఊపుతూ, మీరు ఫలానా ఖనిజం మార్చినప్పట్నుంచి నా కర్మాగారం మూతపడింది అని గట్టిగా అరిచాడు. ఆ అబ్బాయి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆ గదిలో వేడి ఇంకో కారణంగా కూడా ఉంది. కొద్దిరోజుల ముందే నెల చందా 14.95 డాలర్ల నుంచి 19.99కి పెంచుతున్నట్టు ప్రకటించారు. యూరప్ వాళ్లు దానికి గొణుగుతున్నారు, మన రూపాయల్లో చూస్తే అది గొణుగుడుతో పోయేది కాదు.

ఈ ఆటగాళ్లకి కోపం వస్తే ఎలా ఉంటుందో 2011లో చూశారు. ఆట లోపల బొమ్మ మనిషికి పెట్టుకునే ఒంటికంటి అద్దాన్ని అరవై డాలర్లకు పైన అమ్మకానికి పెట్టారు. ఇక చూస్కోండి, వందలమంది జీటాకి వచ్చి అక్కడున్న విగ్రహం చుట్టూ మూగి దాన్ని కాల్చడం మొదలుపెట్టారు. విగ్రహం పగలదు, అయినా కాల్చారు, రోజుల తరబడి. కంపెనీ అధిపతి హిల్మార్ పేతుర్సన్ చివరికి క్షమాపణ చెప్పాడు. ఆటగాళ్లు ఓట్లేసి ఎన్నుకునే కౌన్సిల్ ఒకటుంది, 2008 నుంచి, దాన్ని హడావుడిగా ఐస్‌లాండ్‌కి పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడారు. మన పంచాయతీ అనుకోండి, కాకపోతే ఎజెండాలో టైటాన్లుంటాయి.

రెండో రోజు పొద్దున్న అలాంటి గదిలోనే కూర్చున్నాం, పదకొండయింది. ఎవరో గొంతెత్తి ‘డౌన్‌టైమ్’ అన్నారు. ఎవరి ముందూ కంప్యూటర్ లేదు, ఎవరూ ఆడటం లేదు, అయినా గదిలో ఉన్న సగం మంది లేచి కాఫీకి వెళ్లిపోయారు. ఏళ్ల అలవాటు. నేను లేవలేదు, నాకు డౌన్‌టైమ్ అంటే సాయంత్రం, చాయ్ టైమ్. పొద్దున పదకొండింటికి కాళ్లు కదలలేదు.

మనుషుల గురించి చెప్పాలి. అక్కడ ఎవరూ ఎవరినీ మొహం చూసి గుర్తుపట్టరు. మెడలో బ్యాడ్జి మీద ఆటలో వాడుకునే పేరుంటుంది. బ్యాడ్జి చూస్తారు, తలెత్తుతారు, ‘ఓ-సెవెన్’ అంటారు. అది చాట్‌లో మా సెల్యూట్, ఓ అంటే తల, ఏడు అంటే నుదుటికి ఆనించిన చెయ్యి. కెనడా ఆవిడ నా బ్యాడ్జి చూసి ‘పష్పాక్!’ అని కేకేసి వాటేసుకుంది. గొంతు విని నేను పాతికేళ్ల అమ్మాయి అనుకున్నాను ఇన్నేళ్లూ, ఆవిడకి మనవలున్నారు. పోలండ్ వాడు గొంతులో పులి, మనిషి నా భుజం దాకా ఉన్నాడు. వాళ్లు నన్ను చూసి ఏమనుకున్నారో అడగలేదు, అడిగితే చెప్పేవాళ్లే.

మధ్యాహ్నం ముగ్గురం నడుచుకుంటూ పాత రేవు వైపు వెళ్లాం. అక్కడ ఈవ్ ఆటగాళ్ల కోసం ఒక స్మారకం ఉంది, 2014 మే 1న ఆవిష్కరించారు, శిల్పి సిగుర్దుర్ గుద్‌ముండ్సన్. కింది భాగంలో అప్పటికి ఆడుతున్న ఆటగాళ్ల పేర్లు చెక్కారు, పాత్రల పేర్లు. ఆవగింజలంత అక్షరాలు, వరసలు వరసలు. గాలికి కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని వెతికాం. మా ఊరి గుళ్లో చందాదారుల పలక మీద మా తాతగారి పేరుంది, చిన్నప్పుడు దాన్ని వెతుక్కుని వేలుపెట్టి చూపించేవాళ్లం, అచ్చం అలాగే ఉంది నాకు. దొరికింది. ఫోటో తీసి అమ్మకి పంపితే ‘ఇంత చిన్నగా రాశారేంట్రా’ అంది.

ఆ పేర్లలో ఇప్పుడు లేనివాళ్లూ ఉంటారు. ఈ లోకంలో ఎవరైనా చనిపోతే తోటివాళ్లు ఓడలతో ఒకచోట చేరి దీపాలు వెలిగిస్తారు, నిజానికి అవి వేరే పనికి వాడే లైట్లు, దూరం నుంచి మిణుకుమంటాయి. 2012 సెప్టెంబర్ 11న లిబియాలోని బెంఘాజీలో అమెరికా కార్యాలయం మీద దాడి జరిగింది కదా, చనిపోయిన నలుగురిలో షాన్ స్మిత్ అనే ఉద్యోగి ఒకడు. ఈవ్‌లో ఆయన పేరు వైల్ ర్యాట్, పేరుమోసిన రాయబారి. దాడి మొదలైనప్పుడు కూడా తోటి ఆటగాళ్లతో చాట్‌లో ఉన్నాడు. ఆయన పోయాక స్నేహితులే కాదు, వేరే వాళ్లు కూడా తమ స్టేషన్లకి ఆయన పేరు పెట్టుకున్నారు.

ఆ పేర్ల మధ్యనే వెతుకుతూ వెతుకుతూ పోలండ్ వాడు ఇంకో పేరు చూపించాడు. మామది. మేం ముగ్గురం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడు గోటితో గీకేద్దామా అన్నాడు. కెనడా ఆవిడ వద్దంది.

ఇక ఆ రాత్రి. డెవలపర్లతో కలిసి ఊళ్లో బార్లు తిరగడం ఫ్యాన్‌ఫెస్ట్‌లో ఆనవాయితీ. (ఒక చిత్రమేంటంటే ఈ దేశంలో 1989 మార్చి దాకా బీరు నిషేధం. మిగతా మందు దొరికేది, బీరు దొరికేది కాదు.) నేను మందు ముట్టను, జ్యూస్ గ్లాసు పట్టుకుని ఓ మూల నిలబడ్డాను. పదింటికి కూడా బయట వెలుగుంది, అక్కడ మే మొదట్లో పొద్దు పదీ పావుకి గూకుతుంది, కడుపులో టైమ్ ఏంటో తెలియడం లేదు. వెనక నుంచి ఎవరో అన్నారు:

‘మామా.’

తిరగక్కర్లేదు. ఆ గొంతు నాకు తెలుసు. ‘ఎడమ గేటు వద్దు, ఆగు, ఆగు, ఇప్పుడు’ అని రెండేళ్లు నా చెవిలో చెప్పిన గొంతు. తిరిగాను. పొడుగ్గా, బట్టతల, చేతిలో గ్లాసు, నా బ్యాడ్జి చూసి వచ్చాడు. తొమ్మిదేళ్లయింది. ఏం తిట్టాలో ఎన్నోసార్లు మనసులో అనుకున్నవాణ్ణి, ఒక్క మాట రాలేదు. ‘కూర్చుందామా’ అన్నాడు.

పక్కన కాఫీ షాపులో కూర్చున్నాం. సూటిగా చెప్పాడు. ఉన్నట్టుండి దొంగ కాలేదట, మా కార్ప్‌లో చేరిన రోజునుంచే అవతలి వాళ్ల మనిషి. అంటే నేను చేరేసరికే. అది విన్నాక నాకు దోచుకున్నది గుర్తుకు రాలేదు, ఆ రాత్రుళ్లు గుర్తొచ్చాయి. అడిగాను, మరి నాకు నేర్పించింది? అది కూడా నమ్మకం సంపాదించడానికేనా? ఆయన కొంచెం ఆలోచించి అన్నాడు, ‘లేదు. నువ్వు అంత ఘోరంగా తోలుతుంటే చూడలేకపోయాను.’ (నవ్వులు)

నవ్వుతున్నారు, ఆ టైమ్‌లో నాకూ నవ్వొచ్చింది, వచ్చినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. క్షమాపణ అడగలేదు ఆయన. నేను ఎదురుచూశాను, అడుగుతాడేమోనని. ఆటలో చేసినదానికి అడగక్కర్లేదనుకున్నాడు, ఆ ఆట నియమం ప్రకారం ఆయన కరెక్టే. కానీ బిల్లు వచ్చినప్పుడు తీసుకుని, నా కాఫీకి 700 ఇస్క్ టేబుల్ మీద పెట్టి, ‘మొదటి వాయిదా’ అన్నాడు.

బయటికొచ్చాం. పన్నెండు దాటింది, ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడలేదు. అప్పుడే ఎందుకో అమ్మ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఇంటికొచ్చాక అమ్మకి మామ సంగతి మొత్తం చెప్పాను, 2013 నుంచి. అంతా విని, ‘ఇంటికి పిలవకపోయావా’ అంది.

నాకిచ్చిన టైమ్ అయిపోయినట్టుంది, గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనకాల, చెప్పమ్మా.

(ప్రేక్షకుల్లో ఒక అమ్మాయి: సార్, మిగతా డబ్బు ఇచ్చాడా ఆయన?)

లేదమ్మా. ఇంకా 3,999 కోట్ల 99 లక్షల 99 వేల 300 రావాలి. ఆ ఏడాది ఆఖర్లో మళ్లీ మా కార్ప్‌లోకి అప్లికేషన్ పెట్టుకున్నాడు. ఓటింగ్ పెట్టాం, రెండు ఓట్ల తేడాతో నెగ్గాడు. ఇప్పుడు కొత్తవాళ్లకి తోలడం నేర్పుతున్నాడు. హ్యాంగర్ తాళం మాత్రం ఇవ్వలేదు.